పొడి వీపు

రాత్రి రెండింటికి ఫైర్‌గార్డు నాది.
అరవై మంచాల మధ్య ఎర్ర టార్చిలైటుతో నడుస్తుంటే
ఒకటే చప్పుడు,
పరపర, పరపర.
మొదటివారం ఎలుకలనుకున్నాను.
గోళ్ళు.
నిద్రలోనే గోక్కుంటున్నారు అమ్మాయిలు,
నడుంపట్టీ దగ్గర, మెడ కింద, మోకాళ్ళ మడతల్లో.

జూలై. కొలంబియా, సౌత్ కరోలినా.
గాలిని ఎవరో ఉడకబెట్టి
గంజి వార్చడం మరిచిపోయారు.
ఫోర్ట్ జాక్సన్ ఇసుకలో పైన్ చెట్లు కూడా
అటెన్షన్‌లో నిలబడి జిగురు కారుస్తున్నాయి.
స్తంభమ్మీద నల్లజెండా ఎగిరితే
పరుగాపి నీడకి పొమ్మంటారు.
నీడా తడిగానే ఉంటుంది.

మెడిక్ దీన్ని మిలియేరియా అంటాడు,
ఎవరో కలవారింటి పిల్ల పేరులా.
నాకు తెలిసిన మాట చెమటకాయలు.
షార్లెట్‌లో పుట్టి పెరిగినదాన్ని,
నాకున్న తెలుగంతా ఒక హెల్మెట్‌లో పడుతుంది,
అందులోకి ఇదెలా దూరిందో!
కాయలట. చెమట కాసినవట.
విత్తింది లేదు, నీళ్ళు మాత్రం ధారాళంగా పెట్టాం.
గోకితే పండుతాయి.

చొక్కా విప్పితే చదవొచ్చు ఎవరేం మోశారో:
భుజాలమీద రెండు ఎర్రదారులు,
నడుంచుట్టూ గుత్తులు గుత్తులు,
ఛాతీమీద కవచం దిద్దిన పలక.

వంకాయలపాటి అనడం నోరు తిరక్క
సార్జెంట్ ఒకాసియో నన్ను "వీ" అంటుంది.
"వీ! చెయ్యి కదిలింది!"
నిజమే, బొటనవేలు, పాంటు కుట్టుమీద అరంగుళం.
దురద అక్కడ కాదు కూడా.
అది వీపు నడిమధ్య,
సొంత చెయ్యి ఎన్నడూ వెళ్ళని ఊళ్ళో.

అక్కడికి టార్వర్ వెళ్ళేది.
పైమంచం పిల్ల, బిలాక్సీ రొయ్యల పడవల మనిషి.
దీపాలార్పాక తడిగుడ్డతో నా వీపు తను, తన వీపు నేను.
ఎవరికీ చెప్పకూడదని ఒప్పందం.
క్లినిక్‌కి వెళ్తే కాగితమిస్తారు,
కాగితమ్మీద రోజులుంటాయి,
రోజులు ముదిరితే మళ్ళీ మొదట్నించీ,
కొత్త ముఖాల మధ్య.
"ఇంకోసారి ఆ మొదటివారమా, చచ్చినా కాదు" అంది.

తన వీపు ఉప్పుకాగితంలా ఉండేది.
ఒకరాత్రి ఎరుపు పోయింది.
తెల్లగా, ఈకలు పీకిన కోడితోలులా చిన్నచిన్న బుడిపెలు.
"తగ్గింది కదూ?"
తగ్గిందనే అన్నాను.

పదిమైళ్ళ నడక. నాలుగో మైలు దగ్గర ఆపారు.
బరువులు దించగానే అందరి వీపులూ
అప్పుడే పిండాల్సిన బట్టల్లా.
టార్వర్‌ది పొడిగా ఉంది.
ఇస్త్రీ చేసినట్టు.
"చూశావా, నాకు చెమటే పట్టదు" అని నవ్వింది.
చెయ్యేశాను. పెనం.
తర్వాత నన్ను ఏదో పడవ పేరు పెట్టి పిలిచింది,
తాడు వదలమంది.

అరిచాను.
ఒప్పందం, కాగితం, బుడిపెలు, అన్నీ ఒక్క ఊపిరిలో.
ఐసునీళ్ళ దుప్పట్లు వచ్చాయి.
ఒకాసియో మోకాళ్ళమీద కూర్చుని
ఆమె బూట్ల లేసులు కత్తితో కోస్తోంది,
సార్జెంటమ్మ మోచేతి మడతలోనూ అవే కాయలు.
చూడనట్టు ఊరుకున్నాను.

చెమట దారులు మూసుకుపోయాయట.
తెరుచుకోడానికి వారాలు పడుతుందని మెడిక్ అన్నాడు.
"ఎవరూ చూడలేదా?" అనీ అన్నాడు.
రోజూ చూసిందాన్ని నేనే.

పైమంచం పరుపు చుట్టేసి ఉంది.
రాత్రుళ్ళు దాని ఇనపకాలుకి
గేదెలా వీపు రుద్దుకుంటాను.

నిన్న భోజనాల దగ్గర కనపడింది,
అవతలి వరసలో, కొత్తవాళ్ళతో.
నా వైపు చూడలేదు. చూడాలనీ లేదు కాబోలు.
తల దించి తింటోంది.
మెడవెనక కాలరు తడిసి, నల్లగా,
మెల్లగా భుజాలవైపు పాకుతోంది ఆ తడి.
ట్రే పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో,
"వీ! కదులు!" అన్నదాకా.